గుణదల గట్టునుండి కనుపించు మేడలు

ఇల్లు కొనుటయు కట్టుటయు పురుషులు మాటలాడుకొనవలసిన విషయములని మన పెద్దలు తలచెడివారు. కాని యా యింట దీపము పెట్టువారము మనము. వానకు ఏ మూల కారునో, వేసవిలో ఏ గది కాగునో, ఏ మెట్టుపై ముసలివారి కాలు జారునో మొదట తెలియునదియు మనకే. ఉద్యోగములకు పోవు సోదరీమణులకు గూడ సాయంకాలము తిరిగివచ్చి చేయవలసిన పని యా గోడల నడుమనే యున్నది. కావున కోట్ల రూపాయల వెలగల విల్లాలను గూర్చియు, జమీందారుల నాటి దివాణములను గూర్చియు ఒక బడిపంతులుగారి భార్య వ్రాయుట యేమని యెవరైన నవ్వినచో, కొనుటకు ధనము వలయును గాని చూచుటకు కన్నులు చాలునని మా ప్రత్యుత్తరము.

మేము కాపురముండునది గుణదల. బెజవాడకు తూర్పు దిక్కున నున్న యీ యూరు ఒకప్పుడు వేరు గ్రామము. నేడు నగరములో నొక భాగము. ఏలూరు కాలువ దీని ప్రక్కగా సాగును. ‘పడవలరేవు’ అను పేరు నేటికిని బస్సులాగు చోటునకు నిలిచియున్నది గాని, పడవలు లేవు. 1852లో ఆరంభమై 1855లో ముగిసిన కృష్ణ ఆనకట్టయే యీ కాలువలకు ప్రాణము. కాటను దొరగారి తలపును కెప్టెన్ చార్లెస్ ఆర్ అను నతడు రాళ్లతో నిజము చేసెను. పిమ్మట 1957లో ప్రకాశం బ్యారేజి వెలసినది. ఆ నీటివలన వరి పండినది. వరివలన డెల్టాలో మండువా లోగిళ్లు లేచినవి. నేడు విల్లాలు కొనువారి మూలధనములో గూడ ఆ వరిచేల సొమ్ము కొంత కలసియుండుట మనము చుట్టుప్రక్కల చూచుచున్న విషయమే.

గుణదల యనగానే కొండయు, కొండపైనున్న మరియమాత గుడియు తలపునకు వచ్చును. ఇటలీ దేశమునుండి వచ్చిన ఆర్లాటి అను గురువు 1924లో ఇచ్చట మాత ప్రతిమను ప్రతిష్ఠించెను. ప్రతి సంవత్సరము ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో జరుగు ఉత్సవమునకు అన్ని మతములవారును వత్తురు. తలనీలాలిచ్చువారును, కొబ్బరికాయలు కొట్టువారును ఆ జనములో కనుపింతురు. మెట్లదారిని కొంతదూర మెక్కి నిలిచినచో క్రింద రైలుదారి, కాలువ, లయోలా కళాశాల చెట్లు, రాష్ట్ర విభజన పిమ్మట వెలసిన విద్యుత్ సౌధము, వాని నడుమ అగ్గిపెట్టెలవలె పేర్చిన అపార్టుమెంట్లు కానవచ్చును. ఇంకను దూరమున పచ్చని పొలముల నడుమ తెల్లగా, వరుసగా, ఒకే అచ్చున పోసినట్లుండునవియే విల్లాలు.

బెజవాడ ధనవంతులు వెనుక మొగల్రాజపురమునను, లబ్బీపేటయందును, సిద్ధార్థనగరమునను ఇండ్లు కట్టుకొనిరి. 2014 జూన్ 2వ తేదీన రాష్ట్రము రెండైనది. 2015లో కృష్ణకు ఆవలి యొడ్డున అమరావతికి శంకుస్థాపన జరిగినది. 29 గ్రామముల రైతులు 33,000 ఎకరములకు పైగా భూమిని రాజధానికై యిచ్చిరి. తరువాత పనులు ఆగుటయు, 2025 మే నెలలో మరల ప్రారంభోత్సవము జరుగుటయు అందరెరిగినదే. ఈ యాటుపోట్లలో గజము వెల యెన్నిమారులు పెరిగినదో, యెన్నిమారులు పడినదో చెప్పుటకు మావంటివారికి లెక్క చాలదు. అయినను గన్నవరము త్రోవలోను, నున్న వైపునను, నదికి ఆవల తాడేపల్లి ప్రాంతమునను విల్లాల వరుసలు లేచుట మాత్రము కన్నులార చూచితిమి.

గతమాసమున మా ఆడపడుచుగారును, ఆమె భర్తగారును మా యింటికి వచ్చిరి. వారు దివిసీమవారు. కుమారులిద్దరును అమెరికాలో స్థిరపడిరి. తలిదండ్రులు పల్లెయందు ఒంటిగా నుండరాదనియు, ఆసుపత్రికిని విమానాశ్రయమునకును దగ్గరగా ఒక విల్లా కొనవలెననియు వారి పట్టుదల. కొడుకులు పంపు సొమ్మునకు తోడు, మా వదినగారికి పుట్టింటివారు పసుపు కుంకుమల క్రింద ఇచ్చిన రెండెకరముల చేనిని గూడ అమ్మవలెనని నిర్ణయమైనది. “అమ్మాయీ! నీవు పుస్తకములు చదివినదానవు. వచ్చి చూచి చెప్పు” అని వదినగారు మమ్ము వెంటబెట్టుకొనిపోయిరి.

మేము చూచిన దాని పేరు చెప్పము. ద్వారముకడ ప్రాకారము, కావలివాండ్రు, నీరు చిమ్ము ఫౌంటెను గలవు. లోపల నలుబది యిండ్లు, నడుమ క్లబ్బు హౌసు, ఈతకొలను. మాదిరి యింటిని చూపిన యువకుడు మిక్కిలి మర్యాదగా ప్రతి గదియు తిప్పి చూపెను. రెండంతస్తుల యెత్తున కప్పుగల హాలు, సినిమా చూచు గది, లిఫ్టు, మేడమీద తోట. నేల యెంత నున్నగా నున్నదనగా, మా యన్నయ్యగారు నీరు నిలిచినదనుకొని పంచె కొంచెము పైకెత్తిరి. మాకు వెంటనే సభాపర్వమునందలి మయసభ జ్ఞప్తికి వచ్చినది. స్ఫటికపు నేలను చూచి నీరని వెరచిన దుర్యోధనుడే, తరువాత నీటిని నేలయనుకొని పడెను గదా! మయుడు గొప్ప శిల్పియే గాని, ఆ సభ యింటివారికంటె చుట్టములను నివ్వెరపరచుటకే యెక్కువగా నుపయోగపడినట్లు తోచును. నేటి విల్లాలలో గూడ సగము శోభ చూడవచ్చువారికొరకే.

స్త్రీల కన్నులతో చూచినప్పుడు మాకు తోచిన గుణదోషములు కొన్ని గలవు. వంటగదులు రెండు. ఒకటి అద్దమువలె మెరయునది, చూపుటకు. రెండవది వెనుక ప్రక్క ఇరుకుగా నున్నది, తాలింపు వేయుటకు. దినమునకు నాలుగు గంటలు నిలువబడునది రెండవదానియందే. దానికి కిటికీ యొక్కటే, అదియు ప్రహరీగోడ వైపునకు. ఆవకాయ జాడీలకును, సంవత్సరపు బియ్యమునకును చీకటిగది లేదు. వడియము లెండబెట్టుటకు మేడపైన చోటున్నది గాని, గుడ్డలు బయట ఆరవేయరాదని అచ్చటి సంఘపు నియమమట. పూజగది చక్కనిదే. క్రిందనొక పడకగది యుండుట మంచిది. వృద్ధులు మెట్లెక్క బనిలేదు. నెలనెలా చెల్లింపవలసిన నిర్వహణ రుసుము మాత్రము మా బోంట్ల యింటి అద్దెకు మించియున్నది. కొడుకులు దూరదేశమున నుండగా, ఆ రుసుము తలిదండ్రుల పింఛనులో ఎన్నవ వంతగునో లెక్కవేయవలెను.

ఇవి యన్నియు చూచిన పిమ్మట మా వదినగారు ఒక్కటే ప్రశ్న అడిగిరి: “బాబూ! నీళ్లు ఎచ్చటిదాక వచ్చినవి?”

అట్లడుగుటకు ఆమెకు కారణము గలదు. 1977 నవంబరు 19వ తేదీ రాత్రి దివిసీమపై సముద్రము విరుచుకొనిపడినప్పుడు ఆమె ఆరేడేండ్ల బాలిక. పదివేలకు పైగా జనులను పొట్టనబెట్టుకొన్న ఆ యుప్పెనలో, తండ్రిగారు ఆమెను తాటిచెట్టునకు కట్టి కాపాడిరి. నాటినుండి ఏ యింటికి పోయినను ఆమె మొదట గోడ అడుగుభాగమునే చూచును.

ఆ యువకుడు, “అది నూరేండ్లకొకసారి వచ్చు వరద యండీ” అనెను. వదినగారు, “2005లో వచ్చినదియు ఆ నూరేండ్లదియేనా బాబూ?” అని నెమ్మదిగా అడిగిరి. అతడు కాగితములు సర్దుకొనసాగెను. వెనుకవైపు తోటలో కలుపు తీయుచున్న స్త్రీని పలుకరింపగా, ఆమె మాట లేకయే చేతిని రొమ్ముదాక ఎత్తి చూపినది. గోడకు క్రొత్త రంగు వేసిరి గాని, ఆమె చేయి చూపిన కొలతకు రంగు వేయువారు లేరు.

ఇచ్చట బుడమేరును గూర్చి కొంత చెప్పవలెను. మైలవరపు కొండలలో పుట్టి, బెజవాడ ఉత్తర భాగమును చుట్టి, ఎనికేపాడు కడ ఏలూరు కాలువ క్రిందుగా సొరంగమున దాటి, తుదకు కొల్లేటిలో కలియు వాగు ఇది. పెద్ద వానలలో దీని నీటిని కొంత కృష్ణకు మరలించుటకు వెలగలేరు కడ తలుపులును, మరలింపు కాలువయు గలవు. కాని కృష్ణ తానే నిండుగా పొంగినప్పుడు ఆ నీటిని గైకొనజాలదు. 2024 సెప్టెంబరు 1వ తేదీన జరిగినది ఇదియే. వాగు గట్లు తెగి, అజిత్‌సింగ్ నగరము, పాయకాపురము, రాజరాజేశ్వరిపేట మొదలగు పేటలు దినములకొలది నీట మునిగినవి. ఆ మరునాడు ప్రకాశం బ్యారేజి మీదుగా 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పోయినది. పూర్వము ఖాళీగానుండి వాగు పొంగినప్పుడు నీరు పరచుకొను పల్లపు నేలలే పెక్కుచోట్ల నేడు ఇంటి స్థలములైనవి. నీటికి దస్తావేజు లేదు. అయినను తన త్రోవ నది మరువదు.

ఆ రాత్రి మాకు ఆదిపర్వమునందలి లక్కయింటి కథ తలపునకు వచ్చెను. వారణావతమున పాండవులకు కట్టించిన యిల్లు మిక్కిలి అందమైనదే. కాని ధర్మరాజు గుమ్మమున నడుగిడినంతనే గోడలనుండి వచ్చు నేతి వాసనను, లక్క వాసనను పసిగట్టెను. విదురుడు ముందుగా హెచ్చరించియుండుటచే కదా అతడు వాసన చూచెను! మనకు ఊరిలోని వృద్ధులు, తోటపనివారు, పాలు పోయువారు విదురులు. అచ్చుపత్రములోని బొమ్మలకంటె వారి మాట విలువైనది. నదీతీరమున కరకట్టకును నీటికిని నడుమనున్న భవనములు చూడ సొంపుగా నుండునుగాని, అట్టి స్థలములలో కట్టడములకు 1884 నాటి నదీ సంరక్షణ చట్టమే అడ్డము. శ్రావణమాసమున ఒకమారు, ఎండకాలమున ఒకమారు చూడనిదే డెల్టాలో స్థలము కొనరాదని మా మతము.

విల్లాయందు మనసు విరిగిన మా యన్నయ్యగారు, “పాత దివాణ మొకటి అమ్మకమునకున్నదట, చూతమా?” అనిరి. కావున మరుసటి యాదివారము నూజివీడు త్రోవ పట్టితిమి. దారిలో ఆగిరిపల్లి శోభనాచలస్వామిని దర్శించితిమి. మీర్జాపురము రాజావారి శోభనాచల చిత్రసంస్థ పేరు వినినప్పుడెల్ల మాకు ఈ కొండయే తలపునకు వచ్చును. ఆ రాజావారి భార్య కృష్ణవేణిగారు నటియే గాక నిర్మాత గూడ. 1949లో ఆమె తీసిన ‘మనదేశము’ చిత్రములోనే నందమూరి తారకరామారావుగారు తొలిసారి తెరపై కనుపించిరి. జమీందారుల సొమ్ము మేడలనుండి సినిమాలకు మరలిన కాలమది.

నూజివీడు జమీందారీ మేకావారిది. సోదరుల పంపకములవలన అది ఉయ్యూరు, తేలప్రోలు, మీర్జాపురము మొదలగు అనేక ఎస్టేట్లుగా చీలినది. ఒక్కొక్క పాలివారును తమ హోదాకు తగిన దివాణమును కట్టుకొనిరి. కావుననే ఇంత చిన్న యూరిలో అన్ని కోటలు! 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టముతో శిస్తు ఆగినది. శిస్తు ఆగినను వాన ఆగదు గదా! నూరు దూలముల యింటికి ఏటేట మరమ్మతు వలయును. మేము చూచిన భవనపు గోడలో రావిమొక్క వేరూనినది. లోపలి టేకు స్తంభములు ఇద్దరు చేతులు చాచినను అందనివి. నడుమ మండువాలో వాననీరు పోవు తూము మాత్రము నేటికిని పూడలేదు. కట్టినవాడు నీటి త్రోవను ముందు తలచి, తరువాత గోడ లేపినాడు. ఈ యొక్క విషయమున పాత మేస్త్రీ క్రొత్తవానికంటె ఘనుడని మా వదినగారు మెచ్చుకొనిరి.

అయినను పాతదంతయు పుణ్యమని తలపరాదు. 1790 ప్రాంతముల చింతపల్లినుండి రాజధానిని మార్చి అమరావతిలో నగరము కట్టించిన వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు దాతగా పేరొందిరి. కాని ఆ కట్టడములకు రాళ్లకై దీపాలదిన్నెను త్రవ్వినప్పుడు, అది యెంతో పూర్వపు బౌద్ధ స్తూపమని నాడు తెలిసినవారు లేరు. 1797లో మెకంజీదొర వచ్చి చూచునప్పటికే శిల్పములు పెక్కు చెదరినవి. మిగిలిన వానిలో గొప్పవి నేడు మద్రాసు, లండను మ్యూజియములలో నున్నవి. ఒకరి భవనము మరియొకరి భవనపు రాళ్లతో లేచుట లోకములో కొత్త కాదు.

పాత భవనములు నిలుచుటకు రెండే త్రోవలు గనుపించుచున్నవి. హైదరాబాదులో వికారుల్ ఉమరా 1884లో మొదలిడిన ఫలక్‌నుమా, నిజాము చేతిలోనికి పోయి, తుదకు 2010లో హోటలుగా తెరువబడినది. ఇంగ్లండులో మరణపన్నులకు తాళలేక ప్రభువులు విడిచిన భవనములను, 1895లో పుట్టిన నేషనల్ ట్రస్టువంటి సంఘములు కొన్నిటిని కాపాడుచున్నవి. వ్యాపారమో, ధర్మసంస్థయో పూనుకొననిదే ఒక్క కుటుంబమునకు అంత కప్పును మోయుట కష్టము.

ఇక దస్తావేజుల సంగతి. దివాణము కొనుటలో మొదటి చిక్కు వారసుల సంఖ్య. ఆడపిల్లలకు పూర్వికుల యాస్తిలో సమభాగమును మన రాష్ట్రము 1985 సెప్టెంబరునుండియే, నాటికి పెండ్లికాని కుమార్తెలకు, కల్పించినది. 2005లో దేశమంతటను ఆ హక్కు కుమార్తెలందరకు విస్తరించినది. కావున అన్నదమ్ములు మాత్రమే చేవ్రాలు చేసిన దస్తావేజును నమ్మరాదు. ఏ మేనత్త భాగమో అందులో మిగిలియుండవచ్చును. రెండవ చిక్కు మామిడితోట. విదేశములలో స్థిరపడిన మనవారు ఇండ్లు కొనవచ్చును గాని, వ్యవసాయభూమిని, తోటలను, తోటబంగళాలను కొనరాదు. వారసత్వముగా మాత్రము పొందవచ్చును. కావున కొడుకుల పేర ఆ తోట భవనమును కొనుట పొసగదని మా యన్నయ్యగారికి ప్లీడరుగారు చెప్పిరి.

క్రొత్త విల్లాలకు 2016 నాటి రెరా చట్టము కొంత రక్ష. ఐదువందల చదరపు మీటర్లకు మించిన స్థలముగాని, ఎనిమిదింటికి మించిన యిండ్లుగాని గల పథకము నమోదు కావలెను. ఒప్పందము రిజిష్టరు కానిదే వెలలో పదియవ వంతునకు మించి బయానా తీసికొనరాదు. కొనువారు చెల్లించిన సొమ్ములో నూటికి 70 వంతులు ప్రత్యేకమైన బ్యాంకు ఖాతాలో నుంచి ఆ కట్టడమునకే వాడవలెను. అప్పగించిన యైదేండ్లలోపల కట్టడములో లోపము బయటపడినచో కట్టినవాడే ఉచితముగా సరిచేయవలెను. కాని నీరు వచ్చునా రాదా యన్నది ఏ చట్టమును మనకు మారుగా పోయి చూచిరాదు.

ఈ మాటల నడుమ అందరికంటె ముఖ్యమైనది బయటపడినది. ఏ యిల్లు కొన్నను దస్తావేజు పెద్ద కుమారుని పేర వ్రాయింపవలెనని ముందే అనుకొనియుండిరి. మేము వదినగారితో నెమ్మదిగా ననుకొంటిమి: “చేను మీది. మీ తండ్రిగారు ఇచ్చినది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ప్రకారము దానిపై సంపూర్ణమైన హక్కు మీదే. దానిని అమ్మి వచ్చిన సొమ్ము గోడలో కలిసినంత మాత్రమున మీ పేరు పోవలెనా?” ఆమె చాలసేపు పలుకలేదు. భోజనమునొద్ద భర్తగారికి వడ్డించుచు, “నా చేను అమ్మిన పక్షమున దస్తావేజులో నా పేరు ఉండవలెను. లేనిచో చేను అట్లే యుండనిండు” అనిరి. అన్నయ్యగారు మజ్జిగ పోసికొనువఱకు తలయెత్తలేదు. తరువాత, “నీ పేరే మొదట వ్రాయింతుము లే” అనిరి. ఇంతవఱకు వారు ఇల్లు కొనలేదు, చేను అమ్మలేదు. ఎత్తయిన నేలపై చిన్నదైనను చాలునని వెదకుచున్నారు.

సోదరీమణులారా! ధనమున్నవారు విల్లాలు కొందురు, కొననిండు. లేనివారము గుణదల గట్టునుండి చూతుము. కాని ఇంటి కొనుగోలునకు పోవునప్పుడు మీరును వెంటబోవుడు. వంటగది కిటికీ ఎటు తెరచుకొనునో, వాననీరు ఎటు పోవునో, మొన్నటి వరదలో నీరు ఎచ్చటిదాక వచ్చెనో, వారసులలో ఆడపిల్లలు చేవ్రాలు చేసిరో లేదో, దస్తావేజులో మీ పేరు గలదో లేదో యని యడుగుడు. ఈ యైదు ప్రశ్నలకు సరియైన సమాధానము దొరకిన యిల్లు రెండు గదులదైనను అందు సుఖముగా కాపురముండవచ్చును.